మొదటి కార్ట్ రేసుకు పిల్లలను సిద్ధం చేయడం ఎలా: నెల ముందు నుంచి కాటా ఎక్కే దాకా

అద్దె గో-కార్టులతో మొదలుపెట్టి, తర్వాత ఏదో ఒక అకాడమీలో కొన్నాళ్లు శిక్షణ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: ‘‘మావాడు బాగానే తోలుతున్నాడు, రేసుకు పేరు కూడా ఇచ్చేశాం, ఇప్పుడు ఏం చేయాలి?’’ ఈ ప్రశ్నకు ఫోనులో విడివిడిగా జవాబు చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి మరచిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది సుమారు 8 నుంచి 13 ఏళ్ల మధ్య వయసున్న, రోటాక్స్ 125 సీసీ ఇంజను గల మైక్రో లేదా మినీ తరగతిలో మొదటిసారి పోటీ చేయబోయే పిల్లల కోసం రాసినది. పెద్ద తరగతులకు కూడా చాలావరకు సరిపోతుంది.

మొదటి మీట్‌కు, అంటే ప్రాక్టీసు నుంచి ఫైనల్ దాకా సాగే పోటీకి, మూడే లక్ష్యాలు పెట్టుకోండి. ప్రతి సెషన్‌కు వేళకు గ్రిడ్ మీద (స్టార్టుకు కార్టులు బారులు తీరే చోట) ఉండాలి, ప్రతి సెషన్‌ను చివరి ల్యాప్ వరకు పూర్తి చేయాలి, కాటా మీద బరువు తక్కువ రాకూడదు. ఎన్నో స్థానం వస్తుందన్న విషయం ఈ వ్యాసంలో ఎక్కడా ఉండదు, మీ ఇంట్లో కూడా ఆ నెల రోజులు ఉండకపోతే మంచిది.

పేరు ఇచ్చే ముందు తేల్చుకోవలసినది

రేసు జరిగే ట్రాక్ మీద కాకపోయినా, ఏదైనా పూర్తి స్థాయి ట్రాక్ మీద మీ బిడ్డ వరుసగా 12 ల్యాపులు కార్టు గిర్రున తిరిగిపోకుండా, ఆగకుండా నడపగలగాలి. అందులో చివరి 5 ల్యాపుల సమయాల మధ్య తేడా ఒక సెకనుకు మించకూడదు. వేగంగా వచ్చిన ఒక్క ల్యాపును చూసి మురిసిపోవద్దు. ఒక ల్యాపు 58 సెకన్లు, మరుసటిది 61, ఆ తర్వాతది 59 అని వస్తుంటే బిడ్డకు ఇంకా బ్రేకు వేసే చోటు కుదరలేదని అర్థం. రెండో పరీక్ష: కార్టు గిర్రున తిరిగి ఆగిపోయాక ఎవరి సాయమూ లేకుండా, కంగారు పడకుండా తిరిగి బయలుదేరగలగాలి. మూడోది: వెనుక నుంచి మరో కార్టు వచ్చి పక్కన చేరినప్పుడు తన దారి మార్చకుండా నడపగలగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి రాకపోయినా తర్వాతి రౌండుకు వాయిదా వేసుకోండి. రుసుము పోతే పోయింది.

కావలసినవి

కాగితాలు: ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటారు క్రీడలను నడిపే సమాఖ్య) పోటీ లైసెన్సు, వయసు ధ్రువీకరణ, వైద్యుడి ఫిట్‌నెస్ పత్రం, రక్తపు గ్రూపు వివరం, తల్లిదండ్రుల సమ్మతి పత్రం, ఫొటోలు, ఇంజను సీలు వివరాలున్న పుస్తకం. అన్నిటికీ రెండేసి నకళ్లు పెట్టుకోండి. ఆ మీట్‌కు నిర్వాహకులు విడుదల చేసే సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌ను (ఆ పోటీకి ప్రత్యేకించిన నిబంధనలను) ముద్రించి వెంట ఉంచుకోండి. కనీస బరువు, టైరు రకం, పెట్రోలు ఎక్కడ కొనాలి, నంబరు పలక ఏ రంగులో ఉండాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. వాట్సాప్‌లో ఎవరో చెప్పిన కనీస బరువును నమ్మి వచ్చినవారు నాకు తెలుసు, అది అంతకు ముందు ఏడాది అంకె.

ఒంటి మీదవి: హెల్మెట్, దాని కింద తొడిగే బలాక్లావా, కార్టింగ్ సూటు, గ్లోవ్‌లు, చీలమండ కప్పే బూట్లు, మెడ కాలరు, పక్కటెముకలకు రిబ్ ప్రొటెక్టరు.

సామాను: టైరు గాలి గేజ్, గాలి పంపు, పానాల పెట్టె, టీ-హ్యాండిల్ అలెన్ కీలు, చైను, స్ప్రాకెట్లు, ప్లగ్గులు, బ్రేకు ప్యాడ్లు, యాక్సిలరేటర్ కేబుల్, టై రాడ్డు, చక్రాల నట్లు, సైలెన్సర్ స్ప్రింగులు, బంపర్ క్లాంపులు, బ్యాటరీ చార్జరు, పెట్రోలు డబ్బా, ఆయిల్ కొలిచే గ్లాసు, సీసం బిళ్లలు, బోల్టులు, పెద్ద వాషర్లు, మంటలు ఆర్పే సిలిండర్, కార్టును ఎత్తి పెట్టే ట్రాలీ స్టాండు. టెంటు, టార్పాలిన్, మడత కుర్చీలు, నీళ్ల క్యాను సంగతి చెప్పనక్కరలేదు. జట్టు నుంచి కార్టును అద్దెకు తీసుకుంటే ఈ జాబితాలో సగం వారే తెస్తారు. అయినా గేజ్ మాత్రం మీదే ఒకటి ఉంచుకోండి, రెండు గేజులు ఒకే అంకె చూపడం అరుదు.

నెల ముందు

1. హెల్మెట్ సంగతి ముందు చూడండి. పిల్లలకు పెద్దల హెల్మెట్‌లో చిన్న సైజు కొనడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. పిల్లల మోటారు క్రీడల కోసం స్నెల్ సంస్థ సీఎంఆర్ అనే ప్రత్యేక ప్రమాణం పెట్టింది, అవి పిల్లల మెడకు తగినట్టు తేలికగా ఉంటాయి. రోడ్డు మీద బైకుకు వాడే ఐఎస్‌ఐ హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ పనికిరాదు. సరిపోయిందో లేదో ఇలా చూడండి: పట్టీ బిగించి, వెనుక అంచు పట్టుకుని హెల్మెట్‌ను ముందుకు, పైకి లాగండి, ఊడి రాకూడదు. తల పక్కలకు ఊపమనండి, హెల్మెట్‌తో పాటు చెంపల చర్మం కదలాలి. ‘‘పెరిగే పిల్లలు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం’’ అనే లెక్క బడి బూట్లకు చెల్లుతుంది గానీ హెల్మెట్‌కు చెల్లదు.

2. సీటును బిడ్డకు సరిచేయండి. కార్టులో సీటు బెల్టు ఉండదు. వెనుక ఇరుసు ఒకే కడ్డీ, దానికి డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేరు) లేదు కాబట్టి మలుపులో లోపలి వెనుక చక్రం కొంచెం పైకి లేస్తేనే కార్టు తిరుగుతుంది. ఆ పనిలో సీటులో కూర్చున్న మనిషి బరువుకు పెద్ద పాత్ర ఉంటుంది. బిడ్డ సీటులో అటూ ఇటూ జారుతుంటే కార్టు ఒక్కో మలుపులో ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది, దానికి మీరు చాసిస్‌లో (కార్టు చట్రంలో) ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు. కూర్చోబెట్టి నడుముకు రెండు పక్కలా అరచేయి పెట్టి చూడండి, చేయి సులభంగా దూరితే ఇన్సర్టు (సీటు లోపల అమర్చే ప్యాడు) వేయాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి, అప్పుడు పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా మడతపడి ఉంటాయి. బ్రేకును చివరి దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు పూర్తిగా నిటారు కాకూడదు. కాళ్లు అందకపోతే పెడల్ ముందుకు జరపడానికి అమరిక ఉంటుంది. వీపు వెనుక దిండు పెట్టడం మాత్రం వద్దు, బ్రేకు వేసినప్పుడు అది అణగి కాలు వెనక్కు పోతుంది.

3. రేసు ట్రాక్ మీద కనీసం ఒక పూర్తి రోజు నడిపించండి. హైదరాబాద్‌లో లహరి రిసార్ట్స్ ట్రాక్ మీద గతంలో జాతీయ రౌండ్లు జరిగాయి గానీ, తెలుగు పిల్లలు ఎక్కువసార్లు బెంగళూరులోని మెకో కార్టోపియాకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ కార్టింగ్ అరీనాకో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో ప్రయాణం చేయక తప్పదు. ఆ రోజు ల్యాపు సమయం కోసం చూడవద్దు. ప్రతి మలుపు దగ్గర బ్రేకు వేసే చోటుకు ఒక గుర్తు, అంటే టైర్ల గోడ రంగు మారే చోటో, తారు మీది అతుకో, బిడ్డ చేత నోటితో చెప్పించి కాగితం మీద గీయించండి. చిన్న తరగతుల కార్టులకు వెనుక ఇరుసుకే బ్రేకు ఉంటుంది. అందువల్ల మలుపు తిరుగుతూ బ్రేకు వేస్తే వెనుక భాగం జారి కార్టు గిర్రున తిరుగుతుంది. కార్టు తిన్నగా పోతుండగానే బ్రేకు, వదిలాక మలుపు, ఆ తర్వాతే యాక్సిలరేటర్. రెండు పెడళ్లు ఒకేసారి తొక్కే అలవాటుంటే ఆ నెలలోనే మాన్పించండి. ఆ అలవాటు బ్రేకు ప్యాడ్లను తినేయడమే గాక క్లచ్చును కూడా వేడెక్కిస్తుంది.

4. జెండాలు నేర్పండి. మా ఇంట్లో దీనికి అమ్మ పెట్టెలోని జాకెట్ ముక్కలు పనికొచ్చాయి. పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు ముక్కలను ఒక్కొక్కటీ కర్రకు కట్టి, బిడ్డ అన్నం తింటున్నప్పుడో హోంవర్కు చేస్తున్నప్పుడో హఠాత్తుగా ఊపి, రెండు సెకన్లలో జవాబు చెప్పమన్నాం. పసుపు ఊపితే ముందు ప్రమాదముంది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదించి, బ్రీఫింగులో చెప్పిన చోటికి వెళ్లాలి. నీలం అంటే వెనుక నుంచి వేగమైన కార్టు వస్తోంది. నంబరుతో నలుపు అంటే వెంటనే పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్టులు ఆగే చోటికి) రావాలి. నలుపు మీద నారింజ చుక్క అంటే కార్టులో ఏదో ఊడిపోతోంది, పిట్‌లోకి రావాలి. సగం నలుపు సగం తెలుపు అంటే నడిపే తీరు బాగాలేదన్న హెచ్చరిక. పసుపు మీద ఎర్ర నిలువు గీతలు అంటే ట్రాక్ జారుడుగా ఉంది. గళ్ల జెండా ఎవరికీ చెప్పనక్కరలేదు గానీ, అది చూశాక కూడా ఇంకో ల్యాపు పూర్తి వేగంతో కొట్టే పిల్లలున్నారు.

నీలం జెండాను ప్రత్యేకంగా నేర్పండి. కొత్త పిల్లలు అది చూడగానే దారి ఇద్దామని ఒక్కసారిగా పక్కకు తిప్పుతారు, వెనుకవాడు సరిగ్గా అటువైపు నుంచే దాటబోతుంటాడు, చక్రం మీదికి చక్రం ఎక్కుతుంది. మొదటి మీట్‌లో నేను చూసిన పెద్ద ప్రమాదాల్లో సగానికి సగం ఇలాగే జరిగాయి. ‘‘నీ దారిన నువ్వు తిన్నగా పో, దాటే పని వాడిది’’ అని చెప్పండి.

5. స్టార్టు సాధన చేయించండి. రోలింగ్ స్టార్టులో కార్టులు రెండేసి చొప్పున వరుసగా, ముందున్న కార్టు వేగాన్ని అనుసరించి, గీసిన దారుల్లోనే నెమ్మదిగా వస్తాయి. ఎర్ర దీపాలు ఆరాకే వేగం పెంచాలి, గీత దాటే వరకు పక్కదారిలోకి జరగకూడదు. ఇది ఒంటరిగా సాధన చేసే వీలు లేని విషయం, అందుకే అకాడమీలలో కూడా చాలామంది పిల్లలకు రాదు. దీనికి సైకిళ్లు చాలు. అపార్టుమెంటు సెల్లారులోనో ఖాళీ గ్రౌండులోనో సుద్దముక్కతో రెండు దారులు గీసి, ఆరుగురు పిల్లలను సైకిళ్ల మీద రెండేసి చొప్పున నడిపించి, మీరు ముందు టార్చిలైటు పట్టుకుని నిలబడి దానిని ఆర్పండి. ముందు చక్రానికీ ముందున్నవారి వెనుక చక్రానికీ మధ్య దూరం తగ్గకుండా, పెరగకుండా రావడమే ఇందులో ఉన్న విద్య. దాన్ని పిల్లలు సైకిలు మీద రెండు సాయంత్రాల్లో పట్టేస్తారు.

వారం ముందు

6. బరువు లెక్క తేల్చండి. మొదటి మీట్‌లో ఎక్కువ కుటుంబాలు నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ప్రతి తరగతికీ కనీస బరువు ఉంటుంది, అది కార్టు, డ్రైవరు, ఒంటి మీది సామగ్రి అన్నీ కలిపి, సెషన్ అయిపోయి లోపలికి వచ్చాక తూచే బరువు. అయిపోయాక అన్న మాట గుర్తు పెట్టుకోండి. మా అబ్బాయి మొదటి మీట్‌లో మేము ముందురోజు సాయంత్రం ట్యాంకు నిండా పెట్రోలు పోసి, పావు కిలో ఎక్కువే ఉందని చూసుకుని సంతోషంగా పడుకున్నాం. మరునాడు క్వాలిఫైయింగ్ (స్టార్టు స్థానాలు తేల్చే సెషన్) అయ్యాక కాటా మీద 300 గ్రాములు తక్కువ చూపించింది. సమయాలన్నీ కొట్టేశారు, చిట్టచివరి స్థానం నుంచి బయలుదేరాడు. పెట్రోలు లీటరు దాదాపు 740 గ్రాములు ఉంటుంది, ముప్పావు లీటరు కాలిపోతే అర కిలోకు పైగా పోయినట్టే. అంత చిన్న లెక్క మాకు తట్టలేదు.

కాబట్టి ట్యాంకులో అర లీటరు మాత్రమే ఉంచి, బిడ్డకు హెల్మెట్ నుంచి బూట్ల దాకా అన్నీ తొడిగి, నీళ్ల సీసా లేకుండా తూచండి. కనీస బరువు కన్నా ఒకటిన్నర నుంచి రెండు కిలోలు ఎక్కువ ఉండేటట్టు చూసుకోండి. ఆ అదనపు బరువు వల్ల పోయే పదో వంతు సెకనుల గురించి మొదటి మీట్‌లో ఆలోచించనక్కరలేదు. చెమట పట్టి రోజంతా బిడ్డ బరువు కూడా తగ్గుతుంది. ట్రాక్‌కు చేరగానే నిర్వాహకుల కాటా మీద మరోసారి తూచండి, మీ కాటాకూ దానికీ తేడా ఎంతో చాసిస్ మీద టేపు అంటించి రాసుకోండి.

సీసం బిళ్లలను సీటుకు ఒక్కొక్కదానికి కనీసం రెండేసి బోల్టులతో, లోపలివైపు పెద్ద వాషర్లు వేసి, తమంతట వదులు కాని నైలాక్ నట్లతో బిగించండి. టేపుతోనో ప్లాస్టిక్ టై లతోనో కట్టిన బరువును స్క్రూటినీలో (రేసుకు ముందు అధికారులు చేసే తనిఖీలో) ఒప్పుకోరు. ట్రాక్ మీద ఊడిపడిన సీసం బిళ్ల వెనుకవాడి హెల్మెట్‌కు తగిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

7. ప్రతి బోల్టునూ ఒకరు బిగించాలి, మరొకరు చూసి రంగు పెన్నుతో గీత పెట్టాలి. బిగించిన తర్వాత నట్టు మీదుగా చాసిస్ మీదికి ఒకే గీత గీస్తే, వదులైనప్పుడు గీత విరిగినట్టు కనిపిస్తుంది. స్టీరింగ్ కాలమ్, టై రాడ్లు, బ్రేకు పెడల్ పిన్ను, చక్రాల నట్లు, సీటు బోల్టులు, ఇరుసు బేరింగు స్క్రూలు తప్పనిసరి. ముందు చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపి చూడండి, టకటక శబ్దం వస్తే బేరింగు పోయినట్టే.

చైను మధ్యలో వేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఆడాలి. బిగువుగా ఉంటే తెగుతుంది, వదులుగా ఉంటే ఊడుతుంది. ఇరుసును ఒక చుట్టు తిప్పుతూ చూస్తే ఒక చోట బిగువు, మరో చోట వదులు కనిపించవచ్చు, బిగువైన చోటే కొలవండి. వేలు పెట్టే ముందు బ్యాటరీ తీగ తీసేయండి. ఇంజను తిరుగుతుండగా చైను దగ్గరికి ఎవరి చేయీ వెళ్లకూడదు.

8. పెట్రోలులో ఆయిల్ కలిపే పని ఒక్కరిదే. రోటాక్స్‌కు 2 శాతం, అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్లు. కలిపిన డబ్బా మీద తేదీ, పరిమాణం రాయండి, కలపని డబ్బాకు వేరే రంగు మూత పెట్టండి. ఇద్దరూ చెరొకసారి పోయడం వల్ల పొగ కమ్ముకున్న కార్టులను చూశాను. ఎవరూ ఆయిల్ పోయని డబ్బాతో ట్యాంకు నింపితే మాత్రం పొగ కూడా రాదు, ఇంజను నేరుగా పట్టేస్తుంది. రేడియేటరులో మంచి నీరే పోయాలి, కూలెంట్ నిషిద్ధం, కారితే ట్రాక్ జారుతుంది. పెట్రోలును రైల్లో తీసుకెళ్లకూడదు. వ్యానులో కూడా ఊరినుంచి మోసుకెళ్లే పని లేదు, ఏ బంకులో కొనాలో నిబంధనల్లో చెప్పి ఉంటే అక్కడే కొనాలి.

9. ఊరు మారితే కార్బురేటర్ జెట్టు, అంటే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం ఉన్న ముక్క, మారుతుంది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, చెన్నై సముద్రపు ఒడ్డున ఉంది. బెంగళూరులో చక్కగా నడిచిన జెట్టుతోనే చెన్నైలో దింపితే, అక్కడి గాలి చిక్కన కాబట్టి పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పట్టేసే ప్రమాదముంది. ఆ ట్రాక్‌కు అలవాటు పడిన ఇంజను మెకానిక్‌ను అడిగి, ఆయన చెప్పిన దాని కంటే ఒక అంకె పెద్ద జెట్టుతో మొదలుపెట్టండి. కొంచెం వేగం తగ్గినా ఇంజను బతుకుతుంది. ఇంజను సీలును మాత్రం ఎవరు చెప్పినా తాకవద్దు.

10. బయలుదేరే ముందు ఇంట్లోనే వాహనపూజ చేసుకోండి. ఇది వేళాకోళానికి చెప్పడం లేదు. పిట్‌లో కొబ్బరికాయ కొడితే చిప్ప పెంకులు టైర్లకు గుచ్చుకుంటాయి, నిమ్మకాయలు తొక్కిస్తే రసం స్లిక్ (గాళ్లు లేని నున్నటి) టైరుకు అంటుకుంటుంది, మార్షళ్లు (ట్రాక్ సిబ్బంది) కోప్పడతారు. కార్టుకు బొట్టు పెట్టాలనుకుంటే నంబరు పలక అంకెల మీద పడకుండా పెట్టండి.

మీట్ రోజులు

11. ముందురోజు సాయంత్రమే చేరి కాగితాల పని, స్క్రూటినీ ముగించండి. ట్రాన్స్‌పాండర్‌ను (ల్యాపులను నమోదు చేయించే పరికరాన్ని) సీటు వెనుక చెప్పిన ఎత్తులోనే బిగించండి. అది పని చేయకపోతే మీ బిడ్డ ఎన్ని ల్యాపులు కొట్టినా ఫలితాల పట్టికలో కనిపించదు. బ్యాటరీని రాత్రి చార్జింగులో పెట్టడం ఒకరి బాధ్యతగా రాసి పెట్టండి.

12. డ్రైవర్ల బ్రీఫింగుకు మీరు కూడా వెళ్లండి, కానీ బిడ్డ పక్కన కూర్చోవద్దు. బయటికి వచ్చాక మూడు ప్రశ్నలు అడగండి: ఎర్రజెండా పడితే ఎక్కడికి రావాలి, పిట్ దారి ఏ మలుపు తర్వాత, కార్టు ఆగిపోతే ఏం చేయాలి. మూడోదానికి సరైన జవాబు: రెండు చేతులు పైకెత్తి కూర్చోవాలి, మార్షల్ సైగ చేసే దాకా దిగకూడదు. తన వెనుక వచ్చే కార్టులు వెళ్లిపోయే దాకా బ్రేకు మీద నుంచి కాలు తీయకూడదు, ఎందుకంటే నిలిచి ఉన్న కార్టును తప్పించడం వెనుకవారికి సులభం, వెనక్కో పక్కకో దొర్లే కార్టును తప్పించడం కష్టం.

13. తొడిగే క్రమం ప్రతిసారీ ఒకటే ఉండాలి, ఒకే మనిషి తొడిగించాలి. ముందు బాత్రూము. దీన్ని మరచిపోయి, సూటు జిప్పు, రిబ్ ప్రొటెక్టరు, కాలరు, హెల్మెట్ అన్నీ అయ్యాక బిడ్డ నెమ్మదిగా ‘‘నాన్నా...’’ అన్నప్పుడు గ్రిడ్‌కు నాలుగు నిమిషాలే ఉంటుంది. మెడలో గొలుసు, తాయెత్తు, చెవి పోగులు, చేతి కడియం తీసి మీ జేబులో వేసుకోండి. ఆడపిల్లల జడను చుట్టి బలాక్లావాలోకి దోపాలి, బయట ఒక పాయ కూడా వేలాడకూడదు. హెల్మెట్ పట్టీని మీ రెండు వేళ్లతో పరీక్షించండి. గ్లోవ్‌లు చివర. ఎండలో పిలుపు వచ్చే దాకా సూటును నడుము దాకా దింపి ఉంచండి. కారు లోపల ఏసీలో కూర్చోబెట్టి ఒక్కసారిగా బయటికి తేవద్దు.

14. టైర్ల గాలిని నీడలోనే చూడండి. కొత్తవారు టైరు రకాన్ని బట్టి చల్లగా ఉన్నప్పుడు 10 నుంచి 14 పీఎస్‌ఐ మధ్య మొదలుపెడతారు, ఆ ట్రాక్ మీద నడిచే అంకెను పక్క టెంటువారిని అడిగితే దాచకుండా చెబుతారు. ఒక పక్క చక్రాలు ఎండలో, మరో పక్కవి నీడలో ఉండగా సమానంగా నింపితే, నిజానికి అవి సమానం కావు. లోపలికి రాగానే వేడి గాలి కొలిచి రాసుకోండి. స్లిక్ టైర్లు మొదటి ల్యాపులో పట్టు ఇవ్వవు, ‘‘మొదటి రెండు ల్యాపులు బ్రేకు నాలుగు గజాల ముందే’’ అన్న ఒక్క మాట గ్రిడ్ దగ్గర చెప్పడానికి సరిపోతుంది.

15. గ్రిడ్ దగ్గర ఇంకేమీ చెప్పవద్దు. తండ్రులు చేసే పొరపాట్లన్నిటిలో ఇది మొదటిది. ఇంజన్ల చప్పుడులో హెల్మెట్‌కు నోరు ఆనించి, మూడో మలుపు గురించి, ముందున్న వాడి గురించి, నిన్నటి ల్యాపు గురించి ఒకేసారి అరిచి చెబుతుంటే, ఆ బిడ్డ తల ఊపుతుంది గానీ ఒక్క మాటా ఎక్కదు. భుజం తట్టి పక్కకు జరగండి. అవతల కంచె దగ్గర నిలబడి చేతులు ఊపడం కూడా మానండి, మార్షళ్ల సైగలకూ మీ సైగలకూ తేడా ఆ వేగంలో పిల్లలకు తెలియదు.

16. తిండి తేలికగా ఉండాలి. పొద్దున ఇడ్లీలు, అరటిపండు, మధ్యాహ్నం పెరుగన్నం సరిపోతాయి. ప్రతి సెషన్ తర్వాత మజ్జిగో ఓఆర్‌ఎస్‌ నీళ్లో తాగించండి. ట్రాక్ దగ్గరి బిర్యానీ సాయంత్రానికి వాయిదా వేయండి.

17. ప్రతి సెషన్ తర్వాత వరుస ఇది: ముందు కాటా, తర్వాతే టెంటు. కాటా ఎక్కే దాకా కార్టును ఎవరూ తాకకూడదు, బిడ్డకు నీళ్ల సీసా, టోపీ, ఏదీ అందించకూడదు. ముందు బంపరు లోపలికి నొక్కుకుపోయి ఉంటే దాన్ని కాలితో తన్ని సరిచేయడానికి ప్రయత్నించిన వారికి శిక్ష ఇంకా పెరుగుతుంది. ఎవరినైనా గుద్దినప్పుడు బంపరు జారితే మామూలుగా 5 సెకన్లు కలుపుతారు, దానితో సరిపెట్టుకోండి. టెంటుకు వచ్చాక పది నిమిషాలు బిడ్డను వదిలేయండి. ఆ తర్వాత కార్టు ముందు భాగం జారిందా, వెనుక భాగం జారిందా, ఏ మలుపులో అని మాత్రమే అడిగి, జవాబును బిడ్డ మాటల్లోనే రాసుకోండి.

18. ఒక సెషన్‌కు ఒక్క మార్పే. గాలి ఒత్తిడి మార్చితే స్ప్రాకెట్ తాకవద్దు, స్ప్రాకెట్ మార్చితే వెనుక చక్రాల వెడల్పు తాకవద్దు. రెండూ మార్చి సమయం మెరుగైతే ఏది పని చేసిందో మీకు తెలియదు, పాడైతే ఏది వెనక్కు తిప్పాలో తెలియదు. నిజానికి మొదటి మీట్‌లో గాలి ఒత్తిడి తప్ప మరేదీ మార్చనక్కరలేదని నా అభిప్రాయం. బిడ్డ సమయాలే సెకను అటూ ఇటూ ఊగుతున్నప్పుడు సెట్టింగు తేడా అందులో కనిపించదు. వాన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెట్ టైర్లు వేయండి, బిడ్డ ఎన్నడూ తడి ట్రాక్ మీద నడపకపోతే మొదటి సెషన్‌ను నడక వేగంతో పూర్తి చేసినా చాలు.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

ఫలితాల పట్టికలో అందరూ బెస్టు ల్యాపు చూస్తారు. మీరు ల్యాపుల వారీ పట్టిక అడిగి తీసుకుని, మొదటి రెండు ల్యాపులు వదిలేసి, మిగిలిన వాటిలో అత్యుత్తమానికీ సగటుకూ తేడా లెక్క కట్టండి. శనివారం ప్రాక్టీసులో ఆ తేడా 1.2 సెకన్లు ఉండి ఆదివారం ఫైనల్లో 0.6కు దిగితే బిడ్డ నేర్చుకుంటోందని అర్థం, స్థానం పద్నాలుగైనా సరే. మధ్యలో ఒక్క ల్యాపు మూడు నాలుగు సెకన్లు ఎక్కువ ఉంటే అక్కడ తిరిగిపోయిందో, దారి ఇచ్చిందో బిడ్డనే అడగండి.

కార్టును కూడా పరీక్షించండి. గీతలు పెట్టిన నట్లలో ఏదైనా గీత విరిగిందా, చైను ఆట పెరిగిందా, టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిందా, సీటు పక్కన చాసిస్ పైపు నేలకు రాసుకుని మెరుస్తోందా చూడండి. బిడ్డ ఒంటిని కూడా చూడండి. అరచేతుల్లో బొబ్బలుంటే స్టీరింగ్ మరీ గట్టిగా పట్టుకుంటోంది. పక్కటెముకల మీద నల్లగా కమిలితే సీటు వదులుగా ఉంది, రెండో అంచెలో చెప్పిన పని మళ్లీ చేయాలి.

ఫైనల్ అయ్యాక తాత్కాలిక ఫలితాలు అంటించే దాకా, అభ్యంతరాల గడువు ముగిసే దాకా వెళ్లిపోవద్దు. అధికారులు వదిలిపెట్టాకే కార్టును పార్క్ ఫెర్మే (రేసయ్యాక కార్టులను అధికారుల అదుపులో ఉంచే చోటు) నుంచి తెచ్చుకోవాలి. వ్యాను ఎక్కించే ముందు ట్యాంకులో, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు పూర్తిగా తీసేయండి, బ్యాటరీ తీగ ఊడదీయండి, చల్లారని సైలెన్సర్ దగ్గరికి పిల్లలను రానివ్వవద్దు. ఇంటికి చేరాక సూటును రెండు రోజులు డిక్కీలో వదిలేస్తే ఆ వాసన వదలదు. హెల్మెట్ లోపలి స్పాంజిని విప్పి, కడిగి, నీడన ఆరవేయండి. కాటా దగ్గర చాసిస్ మీద అంటించిన బరువు టేపును మాత్రం పీకవద్దు, తర్వాతి రౌండుకు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.